పదహారో పుస్తకం చివరి పేజీ

పాత కాగితాల కొట్టులో మహాకావ్యానికీ మందుల చీటీకీ ఒకటే మర్యాద. కాటా ఎక్కాలి, దిగాలి. రచయిత బరువైనవాడా తేలికైనవాడా అన్నది అక్కడ విమర్శకులు తేల్చరు, ముల్లు తేలుస్తుంది. ఇరవై ఏళ్ళుగా ప్రతి సోమవారం పొద్దున్నే ఆ కొట్టుకి వచ్చి, కట్టలన్నీ విప్పి, విప్పినవాటిని కొట్టువాడి కంటే శుభ్రంగా మళ్ళీ కట్టి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్ది దిద్ది రిటైరయ్యాడు. అక్కడ ఆయన్ని అందరూ ‘కామా’ అనేవారు. వంగి అక్షరాలు చూసి చూసి మనిషే ఆ వంపు తిరిగాడని కొందరు, నాలుగు మాటలకోసారి ఆగుతాడు గనక అని కొందరు. పేరు పెట్టినవాళ్ళు పోయారు, పేరు మిగిలింది.

“ఏం గురువుగారూ, మీ ఆకాశం మాస్టారు ఇవాళైనా భూమ్మీదకి దిగుతాడంటారా?” అన్నాడు కొట్టువాడు, కాటాలో పాత క్యాలెండర్లు పడేస్తూ.

“చూడాలి,” అన్నాడు కామా. ఆగాడు. “దిగితే నీ కొట్లోనే.”

ఆకాశం మాస్టారంటే పూర్వం బళ్ళో సైన్సు చెప్పిన ఆయన. పాఠం చెబుతూ పిల్లల్ని చూడకుండా కిటికీలోంచి పైకి చూసేవాడని పిల్లలే పెట్టిన పేరు. అద్దె లైబ్రరీల కోసం రాకెట్ల కథలు రాశాడు, మొత్తం పదహారు పుస్తకాలు. అట్ట మీద బొమ్మలేసిన ఆర్టిస్టు అంతకుముందు సబ్బుపెట్టెలకి వేసేవాడు, అందుకని రాకెట్టు వెనక పొగకి బదులు నురగ వచ్చేది. ఆ పదహారింటిలో పదిహేను కామా బీరువాలో ఉన్నాయి. అన్నీ మొదటి ముద్రణలే. ఒక్కొక్కదానికీ పల్చటి కాగితం చొక్కా, మూలల్లో కలరా ఉండలు. పుస్తకాల పురుగు కామాయే, ఇంకో పురుగుకి ఆ బీరువాలో చోటు లేదు. పదహారోది మాత్రం ఎక్కడా లేదు. ఆ పుస్తకం ఒకటుందంటేనే పాత పుస్తకాలు పోగుచేసేవాళ్ళు నవ్వేవారు.

మూడో కట్టలో, పాత రైల్వే టైం టేబులు కింద దొరికింది.

అట్ట లేదు. మొదటి పేజీ మీద మూడు అద్దె లైబ్రరీల ముద్రలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ముద్రణ కన్నా ముద్రలే స్పష్టంగా ఉన్నాయి. పోగుచేసేవాడెవడైనా ముందు ముద్రణ వివరాలు చూస్తాడు. కామా పుస్తకాన్ని వెనక్కి తిప్పి, చివరి పేజీ తీశాడు. వేలితో కింది పదకొండు పంక్తులూ లెక్కపెట్టాడు. పదకొండూ ఉన్నాయి. అక్కడే కాగితాల కట్ట మీద కూర్చుండిపోయాడు.

“ఏమైంది? నీళ్ళు తెమ్మంటారా?” అని కొట్టువాడు దగ్గరికొచ్చాడు. పుస్తకం చూశాడు. “ఓర్నీ, ఇదా! అట్ట కూడా లేదే! పట్టుకెళ్ళండి గురువుగారూ. ఇరవై ఏళ్ళు నా కట్టలు కట్టిపెట్టారు, దీన్నేం కాటా ఎక్కిస్తాను?”

ఇంట్లో ఆయన భార్య వాకిట్లో ఉతికిన దుప్పటి దులిపి తీగ మీద వేస్తోంది. భర్త చెప్పులు విప్పకుండా లోపలికెళ్ళడం చూసి దుప్పటి సగం తీగ మీదే వదిలేసి వచ్చింది.

“దొరికిందా?”

ఆయన చూపించాడు. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ బీరువా జోలికి పోలేదు. ఆకాశం మాస్టార్ని ‘నా సవతి’ అని వేళాకోళం చెయ్యడమే తప్ప పదిహేనింటిలో ఒక్కటీ తెరవలేదు. ఇప్పుడు చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, చివరి పేజీ తీసి కూడబలుక్కుని చదివింది.

“అచ్చులో ఉన్నా తెలుస్తోందండీ. ఇది మీ మాటే.”

“ఊఁ.”

“ఇంక వంక లేదుగా? పుస్తకం దొరకనీ, చేత్తో పట్టుకెళ్ళి ఆయనకి చెప్పేస్తా అన్నారు. ఇరవై ఏళ్ళు వెతికారు. నాకైతే అది దొరక్కూడదనే వెతుకుతున్నారేమో అనిపించేది.”

“ఏమని చెప్పను?”

“జరిగింది చెప్పండి. మన పిల్ల ఆసుపత్రిలో పడుకుని ఆ ప్రూఫు కాగితాలే చదివేది, మీరు రోజూ ప్రెస్సు నుంచి పట్టుకొచ్చేవారు, చివరి కాగితం రాకముందే అది పోయింది అని చెప్పండి. చెప్పడానికి ఇందులో ఏముంది, దాచడానికి ఏముంది!”

“అది కాదు చెప్పాల్సింది.”

“అదీ చెప్పండి.”

చెప్పాల్సింది ఇది. ఆ కథలో ఓ తొమ్మిదేళ్ళ పిల్ల ఒంటరిగా అంతరిక్షనౌకలో చిక్కుకుపోతుంది. ఆసుపత్రి మంచం మీది తొమ్మిదేళ్ళ పిల్ల రోజూ ఒకటే అడిగేది: “దిగుతుందా నాన్నా?” తండ్రి “దిగుతుందమ్మా” అనేవాడు. పిల్ల పోయిన పదకొండో రోజున ఆయన పనిలోకి వెళ్ళాడు. బల్ల మీద చివరి పేజీ ప్రూఫు ఉంది. రాతప్రతిలో రచయిత రాసిన ఆఖరి మాట: “పిల్ల తిరుగుతూనే ఉంది. కింద అందరూ పైకి చూస్తూనే ఉన్నారు.” కామా ఎర్రసిరాతో ఆ పేరా కొట్టేశాడు. మార్జిన్‌లో పదకొండు పంక్తులు రాసి, కింద పొడి సంతకం పెట్టాడు. ఆ ప్రెస్సులో చివరి ప్రూఫు రచయితకి పంపే అలవాటు లేదు. ప్రూఫ్ రీడరు సంతకముంటే చాలు, మిషను తిరుగుతుంది. మిషను తిరిగింది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఒత్తు పోనివ్వని మనిషి, ఒక కథనే దారి మళ్ళించాడు.

మర్నాడు బయల్దేరాడు. ఆ వీధి ఆయనకి కొత్త కాదు. ఏడెనిమిదిసార్లు ఆ గేటు దాకా వెళ్ళి, చెప్పులో రాయి పడినట్టు వంగి చూసుకుని తిరిగొచ్చినవాడే. ఈసారి గేటు తీశాడు. ముందుగదిలో మాస్టారి మేనకోడలు కుట్టుమిషను ముందు కూర్చుని బడిపిల్లల చొక్కాలకి కాలర్లు కుడుతోంది. నోట్లో రెండు గుండుసూదులున్నాయి, అందుకని కనుబొమలతో అడిగింది ఎవరని.

“పాఠకుణ్ణమ్మా.”

సూదులు తీసి నవ్వింది. “మామయ్యా! నీకు పాఠకుడొచ్చాడు!” నల్లా బాగుచేసేవాడొచ్చినట్టు కేకేసింది. “వెళ్ళండి బాబాయిగారూ. గుమ్మం పొట్టిది, తల వంచండి. మీరు వంచే ఉన్నారులెండి.”

వెనకగదిలో మంచం, కుర్చీ, కిటికీ. జీవితమంతా గ్రహాల మీద రాసిన మనిషికి చివరికి గృహమంటూ మిగిలింది ఆ కిటికీ పక్క నాలుగు మూరల చోటు. సన్నగా ఎండిపోయి ఉన్నాడు. మెళ్ళో తాడుకి భూతద్దం వేలాడుతోంది.

“కూర్చో నాయనా. ఏ బ్యాచి నువ్వు?”

“నేను మీ విద్యార్థిని కాదు మాస్టారూ. మీ పుస్తకం తెచ్చాను.”

మాస్టారు పుస్తకం అందుకుని ముందు వాసన చూశాడు. తర్వాత భూతద్దం పెట్టి పేరు చదివాడు. “ఇది నేను రాశానా?”

“మీరేనండీ,” అన్నాడు కామా. ‘చాలావరకు’ అన్న మాట గొంతుదాకా వచ్చింది. చెప్పాల్సినదంతా దాని వెనకాలే నిలబడి ఉంది. దాన్ని తోస్తే మిగతాది వచ్చేసేది. ఆయన అలవాటు ప్రకారం ఆగాడు. ఆగేసరికి మాస్టారు అందుకున్నాడు.

“నా దగ్గర ఒక్కటీ లేదయ్యా! పదహారు రాశానంటుంది మా అమ్మాయి. నేను నమ్మను. రెండ్రోజులు ఉంచి వెళ్ళు, చదివి సంతకం పెట్టి ఇస్తాను. చదవకుండా సంతకం పెట్టకూడదు, తెలుసా?”

“తెలుసండీ,” అన్నాడు కామా.

బీరువాలోని పుస్తకం ఇంకొకరి చేతికి ఇచ్చి ఎరగని మనిషి, ప్రపంచంలో ఇంకో ప్రతి ఉందో లేదో తెలియని పుస్తకాన్ని ఆ మంచం మీద పెట్టి వచ్చేశాడు. గేటు దాటి ఇంటి పక్కసందులోకి వచ్చాక ఒక్కసారి వెనక్కి చూశాడు. కిటికీలోంచి మాస్టారు చెయ్యి ఊపాడు, పుస్తకం పట్టుకున్న చెయ్యే.

“చెప్పారా?” అంది భార్య.

“సంతకం పెట్టేటప్పుడు చెప్తా.”

“సరే, ఇప్పుడు వంక సంతకం మీద పడిందన్నమాట,” అంది ఆవిడ.

రెండ్రోజులకి మళ్ళీ వెళ్ళేసరికి మాస్టారు బాసింపట్టు వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. ఒళ్ళో పలక, పలక మీద పుస్తకం, చేతిలో ఎర్ర కలం. కామా గుమ్మంలోనే ఆగిపోయాడు. పేజీ నిండా ఎరుపే. గీతలు, కొట్టివేతలు, మార్జిన్‌లో చీమల బారులా అక్షరాలు. అచ్చయిన పుస్తకం రచయిత చేతికిస్తే ఏం చేస్తాడో ప్రూఫులు దిద్దినవాడికి తెలిసుండాలి. ప్రూఫు ఎదురుగా ఉంటే తనైనా అంతే.

“రావయ్యా రా! చూడు, చంద్రుడి మీద జెండా రెపరెపలాడిందని రాశాను. గాలి ఎక్కడుందయ్యా అక్కడ? ఇన్నేళ్ళూ ఒక్కడూ అడగలేదే!” మాస్టారు నిజంగానే సిగ్గుపడుతున్నాడు. “ఇక్కడ చూడు. శుక్రుడి మీద చలికి దుప్పటి కప్పుకున్నాట్ట. శుక్రుడి మీద సీసం కరిగిపోతుంది! దుప్పటి కాదు, దుప్పటి అమ్మినవాడు కూడా మిగలడు.”

కామా పక్కన కూర్చున్నాడు. పోగుచేసేవాడి గుండె జారింది గాని, దిద్దినవాడి కన్ను ఊరుకోలేదు. గుర్తులన్నీ ప్రెస్సు పద్ధతిలో ఉన్నాయి. తీసెయ్యాల్సినదానికి సున్నా తోక, చేర్చాల్సినచోట గొడుగు. “చక్కగా దిద్దారండీ,” అన్నాడు.

“ఇంకా నలభై పేజీలున్నాయి. రేపు రా. ఇవాళ కన్ను లాగుతోంది.”

ముందుగదిలో మేనకోడలు టీ ఇచ్చి, మిషను మీద చెయ్యి ఆనించి నిలబడింది. “మీకు పుణ్యముంటుంది బాబాయిగారూ. మళ్ళీ కలం పట్టాడు. ఇరవై ఆరేళ్ళయింది.”

“మానేశారా?”

“మానేశాడా ఏంటి, తిట్టుకుని తిట్టుకుని మరీ మానేశాడు. చివరి పుస్తకం అచ్చయి వచ్చాక అందులో ముగింపు ఎవరో మార్చేశారని ఒకటే గొడవ. పబ్లిషరేమో నువ్వే రాశావు పొమ్మన్నాడు. రాతప్రతి అడిగితే పారేశామన్నారు. ‘ఎవడో నా పిల్లని నన్నడక్కుండా కిందకి దింపేశాడు’ అని ఇదే మాట, నిద్రలో కూడా. ఊళ్ళో ప్రతి అద్దె లైబ్రరీకీ వెళ్ళి ఆ పుస్తకం వెతికి మరీ లాక్కొచ్చాడు. పెరట్లో పొయ్యి కింద పెట్టాడు. ఆ నెలంతా మా ఇంటిల్లిపాదికీ వేణ్ణీళ్ళు దానితోనే.” నవ్వుతూ మొదలుపెట్టిన మాట చివరికొచ్చేసరికి నవ్వు లేదు. “ఇంక రాయలేదు. నా మాట మీద నాకే హక్కు లేనప్పుడు రాసేదేంటి అన్నాడు. మీరు తెచ్చింది ఎలా తప్పించుకుందో!”

కామా టీ గ్లాసు తాగకుండానే కింద పెట్టాడు. ఆ పుస్తకం ఎందుకు దొరకలేదో ఇరవై ఏళ్ళు ఆయనకి తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. ఆకాశం మాస్టారికి పదిహేడోది ఎందుకు లేదో కూడా.

“ఇప్పుడు ఆయనకి... అదంతా గుర్తుందామ్మా?”

“ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. నన్ను ఒక్కోసారి మా అమ్మ అనుకుంటాడు. అక్కా అంటాడు. పలుకుతాను. ఏం చేస్తాం?” కాలరు తిరగేసి మిషను కింద పెట్టింది.

ఇంటికొచ్చి భార్యకి అంతా చెప్పాడు, ఒక్కచోట కూడా ఆగకుండా. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరి పక్కన పెట్టిన రాయిని మళ్ళీ బియ్యంలో వేసి, మళ్ళీ ఏరింది.

“మనకి ఒక్క పిల్ల పోయింది,” అంది చివరికి. “ఆయనకి ఎన్ని పుస్తకాలు పోయాయో.”

“రేపు చెప్పేస్తాను. తిట్టనీ, కొట్టనీ. ఆ మాట ఆయన మొహాన అనేస్తే చాలు.”

“రేపు నేనూ వస్తాను,” అంది ఆవిడ.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ వెళ్ళారు. దారిలో ఆయన చెప్పబోయే వాక్యాన్ని పెదాల మీద దిద్దుకుంటూ నడిచాడు. ‘మాస్టారూ, ఆ ముగింపు మార్చింది నేను.’ ఇందులో తీసెయ్యాల్సింది లేదు, చేర్చాల్సింది లేదు. మేనకోడలు భార్యకి కుర్చీ వేసింది. కామా మంచం అంచున కూర్చున్నాడు.

మాస్టారి ఒళ్ళో పుస్తకం ఉంది. కలానికి మూత పెట్టి ఉంది.

“అయిపోయింది,” అన్నాడు మాస్టారు. “ఇటు చూడు.” ఒక్కొక్క పేజీ తిప్పాడు. ఎరుపు, ఎరుపు, ఎరుపు. ఆఖరికి ముందు పేజీలో అయితే అచ్చు కన్నా రాతే ఎక్కువ. తర్వాత చివరి పేజీ తిప్పాడు.

తెల్లగా ఉంది. ఒక్క గీత లేదు.

“మాస్టారూ, నేను మీకొకటి చెప్పాలి.”

“ఆగవయ్యా. ముందు నేను చెప్తాను, మళ్ళీ మర్చిపోతాను. నూట నలభై పేజీలు దిద్దాను, ఒక్కటీ సరిగ్గా లేదు. అంతా తెలివి. తెలివి చూపించుకోవడానికి రాసిందే. కానీ ఇక్కడికొచ్చేసరికి,” పదకొండు పంక్తుల మీద అరచెయ్యి ఆనించాడు, “చెయ్యి ఆడలేదు. విను.”

భూతద్దం పెట్టి, బళ్ళో పాఠం చదివినట్టు నెమ్మదిగా చదివాడు.

“నౌక నేలని తాకింది. తలుపు తెరుచుకుంది. పిల్ల జోళ్ళు చేత్తో పట్టుకుని, వట్టికాళ్ళతో గడ్డి మీదకి దిగింది. చాలామంది నిలబడి ఉన్నారు. పిల్ల ఎవర్నీ చూడలేదు. తండ్రి దగ్గరికొచ్చి, ‘చాలాసేపు నిలబడ్డావా నాన్నా?’ అంది. ‘లేదమ్మా, ఇప్పుడే వచ్చాను,’ అన్నాడాయన.”

కుర్చీలో కూర్చున్న ఆవిడ కొంగు చేతికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

“‘ఇప్పుడే వచ్చాను’ట!” అన్నాడు మాస్టారు. మొహమంతా వెలిగిపోతోంది. “అబద్ధం! చచ్చేంత అబద్ధం. ఎన్నేళ్ళు నిలబడ్డాడో. అది రాయడానికి తెలివి చాలదయ్యా. ఇంత బాగా నేనెప్పుడు రాశానో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. కానీ ఆ రోజు నా మనసు చాలా బావుండి ఉండాలి. ఏదో మంచి రోజు.”

కామా నోరు తెరిచాడు. దారంతా దిద్దుకున్న వాక్యం నాలుక మీదే ఉంది. అన్నాడంటే తన మీది బరువు దిగుతుంది. మాస్టారు క్షమిస్తాడో, చెయ్యి చేసుకుంటాడో, ఏదైనా ఇరవై ఆరేళ్ళుగా కావాలనుకున్నదే. “మాస్టారూ, ఆ ముగింపు...”

వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకు లాగారు. తిరిగి చూశాడు. రోజూ చెప్పండి చెప్పండి అని ప్రాణం తీసిన భార్యే కుర్చీ అంచుకి జరిగి చొక్కా కొస పట్టుకుని ఉంది. వద్దన్నట్టు తల ఊపింది.

“ఊఁ, ముగింపు?” అన్నాడు మాస్టారు. “బాగుందా, లేదా? నువ్వు అచ్చు తెలిసినవాడిలా ఉన్నావు. నిజం చెప్పు.”

కామా ఆ పేజీని చూశాడు. తిట్టాల్సిన మనిషి ఆ పుస్తకాలతో పాటే పొయ్యి కిందకి పోయాడు. ఈ కూర్చున్న మనిషికి జన్మలో తన రాతల్లో నచ్చింది ఒక్క పేజీ. అది తీసుకుంటే మిగిలేది నూట నలభై పేజీల ఎర్రసిరా.

“చాలా బాగుందండీ,” అన్నాడు. “మీరు రాసినవాటిలో ఇదే... బాగుంది.”

“నాకూ అదే అనిపించింది.” మాస్టారు మూత తీశాడు. పదకొండో పంక్తి కింద, బళ్ళో హాజరుపట్టీలో పెట్టినట్టు పూర్తి పేరుతో సంతకం పెట్టాడు. కింద గీత కూడా గీశాడు. ఆ సంతకం పైన పిల్ల నాన్నతో గడ్డి మీద నిలబడి ఉంది, ఇంకెప్పటికీ మాస్టారి పిల్లగానే. కామా ఆ గీతని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూస్తూ కూర్చున్నాడు.

మాస్టారు పుస్తకం ఇవ్వబోయి, ఇవ్వకుండా మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. నుదురు ముడిపడింది.

“కానీ ఇదేంటయ్యా, దింపేసి ఊరుకున్నాను! దిగాక ఏం చేస్తుంది ఆ పిల్ల? తర్వాత ఏమవుతుంది?”

కామాకి తెలియలేదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారీ ఆ పంక్తి దాటి వెళ్ళలేదు. ఎన్నిసార్లు దింపుకున్నాడో, అన్నిసార్లూ అక్కడే నిలబెట్టాడు, జోళ్ళు చేత్తో పట్టుకునే. బడికి వెళ్ళలేదు, పొడుగవలేదు, పక్కింటికి కూడా వెళ్ళలేదు.

“ఆకలంటుందండీ,” అంది వెనకనుంచి ఆవిడ.

ముగ్గురూ ఆవిడ వైపు చూశారు. ముందుగదిలోకి వెళ్ళబోతున్న మేనకోడలు గుమ్మంలోనే ఆగింది.

“రాగానే అదే అంటుంది. ఎక్కణ్ణుంచొచ్చినా అంతే. చివర్లో పాపం... చివర్లో ఏమీ ముట్టుకునేది కాదు. అందుకని దిగగానే అమ్మేది అని అడిగి, ఆకలేస్తోందే, పెట్టు అంటుంది. తిని అక్కడే నిద్రపోతుంది.”

మాస్టారు ఆవిణ్ణి కాసేపు చూశాడు. చివర్లో అంటే ఏ చివరో అడగలేదు. “అవును,” అన్నాడు మెల్లిగా. “తల్లిని మర్చేపోయాను. ఎలా మర్చిపోయాను?” సంతకం కింద ఖాళీ జాగాలో కలం ఆనించాడు. “మళ్ళీ చెప్పమ్మా. నెమ్మదిగా. ఒక్క మాట కూడా మార్చను.”

ఆవిడ కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని మళ్ళీ చెప్పింది. ఆయన రాశాడు. కామా వంగి పలక కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. సిరా ఆరేదాకా ఆ పుస్తకాన్ని ఎవరూ మూయలేదు.